మీకు తెలుసా? గూగుల్ కంటికి ఆనని అందాలు

గూగుల్‌బాట్ బటన్ నొక్కదు

ఊరూరా తిరిగి వెబ్ పేజీలు చదివి వచ్చే గూగుల్ ప్రోగ్రామ్‌ పేరు గూగుల్‌బాట్. అది మీ సైట్‌కు వస్తుంది, పేజీ తెరుస్తుంది, అందులో ఉన్న మాటలు చదువుకుంటుంది, లింకులు ఏరుకుని వెళ్లిపోతుంది. బటన్లు మాత్రం నొక్కదు. మౌస్ కదపదు. లొకేషన్ ఇవ్వమన్నా, కెమెరా తెరవనివ్వమన్నా వద్దంటుంది. ఒక పేజీ ఇచ్చిన కుకీని ఇంకో పేజీకి మోసుకెళ్లదు. ఏ పేజీకి వెళ్లినా దానికది మొదటి రాకే.

ఇప్పుడు యానిమేషన్లతో మిరుమిట్లు గొలిపే సైట్లు ఎలా మొదలవుతాయో గుర్తు చేసుకోండి. నల్లటి తెర. మధ్యలో సున్నా నుంచి నూరు దాకా పరుగెత్తే అంకె. ఆ తర్వాత ‘ఎంటర్’ అని గుండ్రటి బటన్. దాని కింద, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మజా వస్తుందని చిన్న అక్షరాల్లో ఓ సలహా. ఆ బటన్ కేవలం షోకు కోసం పెట్టింది కాదు. చూసేవాళ్లు పేజీని ఒక్కసారైనా తాకకుండా శబ్దం దానంతటది మోగకూడదని క్రోమ్ బ్రౌజర్ 2018లో కట్టడి చేసింది. (ఆఫీసులో ఉన్నట్టుండి ఏదో ప్రకటన మోగి నలుగురి ముందూ ఇబ్బంది పడ్డవాళ్లు ఆ రోజు క్రోమ్‌కు దణ్ణం పెట్టుకునే ఉంటారు.) దాంతో వెనకాల సంగీతం కావాలనుకున్న డిజైనర్లు వచ్చినవాళ్ల చేత ఎలాగోలా ఒక క్లిక్ చేయించాల్సి వచ్చింది. మనం చేస్తాం. గూగుల్‌బాట్ చేయదు. ఆ క్లిక్ పడ్డాకే లోపలి సరుకంతా సర్వర్ నుంచి దిగేలా సైట్ కట్టి ఉంటే, లక్షలు పోసి చేయించిన ఆ సైట్‌లో గూగుల్‌కు అర్థమయ్యేది ఒకే ఒక్క మాట: ఎంటర్.

అలాగని కంటికి కనబడకుండా దాచినదంతా పోయినట్టే అనుకోకండి. ప్రశ్న మీద నొక్కితే జవాబు కిందికి జారే మడతలు చాలా సైట్లలో ఉంటాయి. ఆ జవాబు ముందే పేజీలో ఉండి, చూపుకు మాత్రం మూసి ఉంటే గూగుల్ నిక్షేపంగా చదువుకుంటుంది. నొక్కాక అప్పటికప్పుడు తెచ్చుకునే జవాబైతేనే దానికి అందదు. పైకి రెండూ ఒకేలా కదులుతాయి కాబట్టి, డబ్బులిచ్చి సైట్ చేయించుకున్నవాళ్లకు ఆ తేడా తెలిసే వీలు లేదు.

స్క్రోల్ చేయదు, తెరను సాగదీస్తుంది

మనలా కిందికి స్క్రోల్ చేసుకుంటూ పోయే ఓపిక గూగుల్‌బాట్‌కు లేదు. దానికి బదులు ఓ చిట్కా వాడుతుంది. మామూలు ఫోన్ తెరంత కిటికీలో పేజీని తెరిచి, ఆ తర్వాత కిటికీ ఎత్తును వేల పిక్సెళ్లకు పెంచేస్తుంది. పొడవాటి పేజీ మొత్తం ఒకేసారి తెర మీద ఉన్నట్టే లెక్క.

దీంతో రెండు చిక్కులు వస్తాయి. ‘స్క్రోల్ జరిగిందా’ అని కాచుకుని కూర్చుని, జరిగాకే బొమ్మలూ మాటలూ తెచ్చే పాత పద్ధతి కోడ్ దాని దగ్గర అసలు కదలదు. ‘ఫలానా భాగం తెర మీదికి వచ్చిందా’ అని అడిగే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ పద్ధతైతే పని చేస్తుంది. గూగుల్ తన సూచనల్లో చెప్పేదీ దాన్నే. ఇక రెండో చిక్కు కాస్త నవ్వు తెప్పిస్తుంది. పైన ఉండే పెద్ద బొమ్మను ‘తెర ఎంత ఎత్తుంటే అంత’ అని రాయడం ఇప్పుడు ఫ్యాషన్. ఆ బొమ్మ మన ఫోన్‌లో ఆరంగుళాలుంటుంది. తెరను సాగదీసిన గూగుల్‌బాట్ దగ్గర అదీ తాటిచెట్టంత సాగి, అసలు విషయాన్ని ఎక్కడో అడుక్కి తోసేస్తుంది. గరిష్ఠ ఎత్తు ఇంతకు మించొద్దని ఒక్క వరుస కోడ్ రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క వరుసే చాలామంది రాయరు.

కిందికి వెళ్లేకొద్దీ కొత్త సరుకు పుట్టుకొస్తూనే ఉండే అంతులేని పేజీల గురించి 2014 ఫిబ్రవరిలోనే గూగుల్ చెప్పింది: ఎంతైనా స్క్రోల్ చేయనివ్వండి, కాకపోతే అదే సరుకును ఒకటో పేజీ, రెండో పేజీ అని విడివిడి అడ్రసులతో కూడా ఉంచండి.

‘స్కిప్ ఇంట్రో’ రోజులు

ఈ గొడవంతా ఎక్కడ మొదలైందంటే ఫ్లాష్ దగ్గర. 1996లో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. కొద్ది నెలల్లోనే మాక్రోమీడియా దాన్ని కొనేసి ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ కొనేసింది. ఆ పదేళ్లలో వెబ్ డిజైన్ అంటే ఫ్లాష్ అన్నంతగా నడిచింది. సైట్ తెరవగానే అక్షరాలు గిరగిరా తిరిగి వచ్చేవి, ఇనుప తలుపులు చప్పుడుతో తెరుచుకునేవి, ఓ మూలన ‘స్కిప్ ఇంట్రో’ అని ఉండేది. డయల్ అప్ కనెక్షన్‌తో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్నవాళ్లకు ఆ ‘స్కిప్ ఇంట్రో’ ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. వెబ్ వాడుక తీరు మీద రాసే జేకబ్ నీల్సన్ 2000 అక్టోబరులోనే ఫ్లాష్ నూటికి తొంభై తొమ్మిది పాళ్లు చెడ్డదని శీర్షికలోనే తేల్చేశాడు. డిజైనర్లకు ఆయన మీద కోపం రావడం సహజమే. కానీ వెనక్కి తిరిగి చూస్తే ఆయన చెప్పినదాంట్లో ఎక్కువ భాగం నిలబడింది.

సెర్చ్ ఇంజన్లకు ఇబ్బంది ఎక్కడంటే, ఫ్లాష్ సైట్ అంటే నిజానికి ఒకే ఒక్క ఫైల్. పేజీ కోడ్ తెరిచి చూస్తే ‘ఇక్కడ ఈ ఫైల్ ఆడించు’ అన్న నాలుగు వరుసలు తప్ప ఇంకేమీ ఉండదు. మాటలు, మెనూ, చిరునామా, ఫోన్ నంబరు సమస్తం ఆ ఫైల్ కడుపులో. అంతకంటే పెద్ద లోటు, లోపల ఇరవై పేజీలున్నా బయటికి అడ్రసు ఒక్కటే. మూడో పేజీలో ఉన్న వస్తువు కోసం వెతికినవాడిని నేరుగా అక్కడికి పంపే దారి లేదు. మళ్లీ ఇనుప తలుపుల దగ్గరే దిగాలి.

2008 వేసవిలో అడోబీ, గూగుల్, యాహూ కలిసి దీనికి మందు కనిపెట్టామన్నాయి. సెర్చ్ ఇంజన్ల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఫ్లాష్ ప్లేయర్‌ను అడోబీ ఇచ్చింది. దాంతో గూగుల్ ప్రోగ్రామ్ ఫ్లాష్ ఫైల్‌లోకి దూరి, మనిషి చేసినట్టే బటన్లు నొక్కుతూ, ఖాళీ పెట్టెల్లో ఏదో ఒకటి నింపుతూ, లోపలి అక్షరాలు ఏరుకునేది. ఇవాళ బటన్ నొక్కనని భీష్మించుకున్న అదే గూగుల్ ఒకప్పుడు ఫ్లాష్ లోపల నొక్కిందన్నమాట! అయితే బొమ్మగా మార్చి పెట్టిన అక్షరాలు దానికి అందేవి కావు. కుడి నుంచి ఎడమకు రాసే అరబిక్, హీబ్రూ లాంటి భాషలు మొదట్లో దాని వల్ల కాలేదు. ఫ్లాష్ ఫైల్‌ను కొన్ని రకాల జావాస్క్రిప్ట్ (బ్రౌజర్లో నడిచే కోడ్) ద్వారా తెరిపిస్తే, అసలు అక్కడ ఫైల్ ఒకటుందన్న సంగతే తెలిసేది కాదు. చాలా సైట్లు తెరిపించింది సరిగ్గా ఆ జావాస్క్రిప్ట్‌తోనే. ఒకే అడ్రసు అన్న అసలు జబ్బు ఎలాగూ మిగిలే ఉంది.

తర్వాత కథ తెలిసిందే. ఐఫోన్ మొదటి నుంచీ ఫ్లాష్‌ను రానివ్వలేదు. ఎందుకు రానివ్వమో 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖే రాశాడు. గూగుల్ చెప్పిన లెక్క ప్రకారం 2014లో కంప్యూటర్ల మీద క్రోమ్ వాడేవాళ్లలో 80 శాతం మంది రోజుకు ఒక్క ఫ్లాష్ సైట్‌నైనా చూసేవారు. 2017 నాటికి ఆ సంఖ్య 17 శాతానికి పడిపోయింది. ఆ ఏడాదే అడోబీ ముగింపు తేదీ ప్రకటించింది. ఫ్లాష్‌ను ఇక చదవబోమని గూగుల్ సెర్చ్ 2019 అక్టోబరులో చెప్పింది. 2020 చివరితో అడోబీ మద్దతు ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ తనంతట తానే ఆడటం మానేసింది. వెతికినా దొరక్కుండా బతికిన సైట్లు ఆ రోజు నుంచి తెరిచినా కనబడకుండా పోయాయి. కొన్ని పాత ఫ్లాష్ ఆటలు, బొమ్మల కథలు ఇంటర్నెట్ ఆర్కైవ్ పుణ్యమా అని రఫుల్ అనే ఎమ్యులేటర్ మీద ఇప్పటికీ ఆడుతున్నాయి.

బీఎండబ్ల్యూకే తప్పలేదు

2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ జర్మనీ సైట్‌ను గూగుల్ తన జాబితాలోంచి తీసి పారేసింది. కారణం, ఆ సైట్ రెండు ముఖాలు పెట్టుకోవడం. మనుషులకు కనబడేది నిగనిగలాడే బొమ్మల పేజీ. సెర్చ్ ఇంజన్లకు అందేది, పాత కార్లు, పాత కార్లు అంటూ జర్మన్‌లో అదే మాట దట్టించిన అక్షరాల పేజీ. మనిషి ఆ అక్షరాల పేజీకి వచ్చాడో లేదో, జావాస్క్రిప్ట్ వాణ్ణి లాక్కెళ్లి బొమ్మల పేజీలో దింపేసేది. అప్పట్లో గూగుల్‌లో స్పామ్ మీద పోరు చేసే మ్యాట్ కట్స్ ఈ సంగతిని తన బ్లాగులో బహిరంగంగా రాశాడు. కంపెనీ ఆ పేజీలు తీసేశాక కొద్ది రోజుల్లోనే సైట్ తిరిగి వచ్చింది.

ఈ ఎత్తు తప్పే. అయినా అందులో ఒక ఒప్పుకోలు కనిపిస్తుంది: మా అందమైన పేజీలో చదవడానికేమీ లేదని వాళ్లకు ముందే తెలుసు! పక్కన ఇంకో దొంగ పేజీ కట్టే శ్రమలో పదో వంతు పెట్టినా ఆ బొమ్మల పేజీలోనే నాలుగు వాక్యాలు రాసి ఉండొచ్చు.

అడ్రసులో హ్యాష్, ఆశ్చర్యార్థకం

2010 ప్రాంతంలో ట్విట్టర్ వాడినవాళ్లకు గుర్తుండొచ్చు. అడ్రసు మధ్యలో హ్యాష్ గుర్తు, వెంటనే ఆశ్చర్యార్థకం కనబడేవి. హ్యాష్‌బ్యాంగ్ అనేవారు. దాని వెనక కథ ఇది. బ్రౌజర్ అడ్రసులో హ్యాష్ తర్వాత ఉన్న భాగం సర్వర్‌కు వెళ్లదు, బ్రౌజర్ దగ్గరే ఉండిపోతుంది. పేజీ మళ్లీ లోడ్ కాకుండా లోపలి భాగాలను సినిమా తెరలా మార్చే సైట్లకు ఇది వరంలా దొరికింది. సెర్చ్ ఇంజన్లకు మాత్రం హ్యాష్ తర్వాత ఏముందో తెలియదు కాబట్టి, లోపల వంద పేజీలున్నా ఒక్కటే అనుకునేవి. ఫ్లాష్ పోయినా ఒకే అడ్రసు జబ్బు వేరే ఒంట్లోకి దూరిందన్నమాట.

దీనికి గూగుల్ 2009లో ఓ ఒప్పందం ప్రతిపాదించింది. హ్యాష్ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే మేం దాన్ని ఇంకో రకం అడ్రసుగా మార్చి అడుగుతాం, ఆ అడ్రసుకు మీరు మామూలు పేజీ ఇవ్వండి, అని. 2011 ఫిబ్రవరిలో వార్తా బ్లాగులు నడిపే గాకర్ మీడియా తన సైట్లన్నిటినీ ఈ పద్ధతికి మార్చింది. ఆ రోజుల్లోనే ఒక జావాస్క్రిప్ట్ పొరపాటు జరిగి, వాళ్ల సైట్లన్నీ కట్టగట్టుకుని తెల్లకాగితాలయ్యాయి. వార్తలు చదువుకోవడానికి వచ్చినవాళ్లకు వార్త కాదు కదా, అక్షరం ముక్క దొరకలేదు. ట్విట్టర్ 2012లో పద్ధతి మార్చుకుని పేజీని మళ్లీ సర్వర్ దగ్గరే తయారు చేసి పంపడం మొదలుపెట్టింది. మొదటి ట్వీట్ కనబడే సమయం అంతకు ముందున్నదాంట్లో ఐదో వంతుకు తగ్గిందని ఆ కంపెనీ ఇంజనీర్లే రాశారు. గూగుల్ కూడా 2015లో, ఆ ఒప్పందాన్ని ఇక వాడొద్దని చెప్పేసింది. ఇప్పుడు హిస్టరీ ఏపీఐ ఉంది. పేజీ మళ్లీ లోడ్ కాకుండానే, యానిమేషన్ ఎక్కడా తెగకుండానే, అడ్రసు మాత్రం నిజంగా మారుతుంది. ఇంత సుఖమైన దారి ఉన్నా ఇవాళ్టికీ హ్యాష్ పట్టుకుని వేలాడే సైట్లున్నాయి.

పాత కళ్లద్దాలు

గూగుల్‌బాట్ పేజీలను క్రోమ్‌తోనే చూస్తుంది. కానీ చాలాకాలం పాటు 2015 నాటి క్రోమ్ 41తో చూసేది. మనుషులు కొత్త బ్రౌజర్లు వాడుతూ కొత్త కొత్త విన్యాసాలు చూస్తుంటే, గూగుల్ మాత్రం ఆ కోడ్ అర్థం కాక ఖాళీ పేజీలు చూసుకునేది. 2019 మేలో ఒక్కసారిగా 74కి మారింది. అప్పటి నుంచి క్రోమ్ మారినప్పుడల్లా అదీ మారుతోంది.

జావాస్క్రిప్ట్‌ను నడిపి చూసే పని అప్పటికప్పుడు జరగదు. ముందు కోడ్ తెచ్చుకుంటుంది, తర్వాత వరుసలో నిలబెట్టి నడుపుతుంది. ఆ రెండో దశకు రోజులు పట్టొచ్చని 2018లో గూగులే చెప్పింది. ఏడాది తిరిగేసరికి సగం పేజీలకు ఐదు సెకన్లలోపే అయిపోతోందని చెప్పింది. అందువల్ల జావాస్క్రిప్ట్ ఉంటే సర్వనాశనం అనే పాత భయానికి ఇప్పుడంత అర్థం లేదు. దాని మీద ఇంకా వ్యాపారం చేసే కన్సల్టెంట్లున్నారు, అది వేరే సంగతి.

ఇంకో చిన్న ముక్క. కొన్ని సైట్లు తమ జావాస్క్రిప్ట్, సీఎస్ఎస్ ఫైళ్లున్న ఫోల్డర్లలోకి రావొద్దని, సెర్చ్ ప్రోగ్రామ్‌లకు హద్దులు చెప్పే రోబోట్స్ ఫైల్‌లో తామే రాసి పెట్టుకుంటాయి. 2014 అక్టోబరులోనే గూగుల్ అలా చేయొద్దని తన సూచనల్లో చేర్చింది. తలుపేసి, చూడలేదని నిందిస్తే ఎలా?

మీ చిన్నప్పటి ఇల్లెక్కడ?

2010 ఆగస్టులో ‘ది వైల్డర్‌నెస్ డౌన్‌టౌన్’ అనే ఇంటరాక్టివ్ సినిమా ఒకటి వచ్చింది. కెనడా రాక్ బ్యాండ్ ఆర్కేడ్ ఫైర్ పాటకు దర్శకుడు క్రిస్ మిల్క్ గూగుల్‌తో కలిసి చేసింది. మీరు పెరిగిన ఇంటి అడ్రసు టైప్ చేస్తే చాలు, ఆ వీధి ఫొటోలు, పైనుంచి తీసిన చిత్రాలు పాటలో కలిసిపోయి, ఓ కుర్రాడు మీ వీధిలోనే పరుగెత్తుతున్నట్టు కనబడేది. బ్రౌజర్లో ఇంత చేయొచ్చా అని లోకం నోరెళ్లబెట్టింది. సెర్చ్ ఇంజన్ వైపు నుంచి చూడండి. దానికి చిన్నతనం లేదు, టైప్ చేయడానికి అడ్రసూ లేదు. గూగుల్ చేయి పడ్డ సినిమాయే అయినా, గూగుల్‌బాట్‌కు దక్కేది ఆ ఖాళీ పెట్టె దాకానే.

మరో సంగతి. త్రీడీ బొమ్మలను బ్రౌజర్లో ఆడించే వెబ్‌జీఎల్‌కు గూగుల్‌బాట్ దగ్గర మద్దతు లేదని గూగుల్ పత్రాల్లోనే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల విల్లా వెంచర్ల సైట్లలో ఇప్పుడు ఇదే హవా. గాలిలో తేలుతూ గేటు దాటి, స్విమ్మింగ్ పూల్ మీదుగా హాల్లోకి వెళ్తాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఏ ఊరు, ఎన్ని గజాలు, రెరా రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అన్న ముక్కలు కూడా ఆ త్రీడీ గోడల మీదే చెక్కితే, ‘శంకర్‌పల్లి విల్లా’ అని వెతికినవాడికి ఆ వెంచర్ ఎలా తగులుతుంది? వెబ్ పేజీలో త్రీడీ బొమ్మ ఆడే చోటును కాన్వాస్ అంటారు. ఆ ట్యాగ్ తెరిచే చోటుకూ మూసే చోటుకూ మధ్య మామూలు మాటలు రాసుకోవచ్చు. బొమ్మ ఆడితే అవి కంటికి కనబడవు, కానీ పేజీలో ఉంటాయి. ఇంకా మంచిది, ఆ వివరాలను బొమ్మకు పైనో కిందో అందరికీ కనబడేలానే రాయడం. కొనేవాడికీ కావలసింది అవే కదా.

మంచు కొండ కథ

అయితే కదిలే బొమ్మలకూ సెర్చ్‌కూ పుట్టువైరం ఉందా? లేదనడానికి న్యూయార్క్ టైమ్స్ 2012 డిసెంబరులో వేసిన ‘స్నో ఫాల్’ చాలు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టనెల్ క్రీక్ దగ్గర ఆ ఏడాది ఫిబ్రవరిలో మంచు చరియ విరిగిపడి స్కీయింగ్‌కు వెళ్లినవాళ్లు చనిపోయిన ఘటన మీద జాన్ బ్రాంచ్ రాసిన సుదీర్ఘ కథనం అది. పేజీ పైన మంచు గాలికి కదులుతూ ఉంటుంది. కిందికి వెళ్తుంటే కొండ చుట్టూ కెమెరా తిరుగుతుంది. మధ్యమధ్య వీడియోలు, మ్యాపులు. వెబ్ డిజైనర్లంతా కొన్నేళ్లపాటు దాన్నే అనుకరించారు. 2013లో ఫీచర్ రచనకు పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. ఇంత ఆడంబరంలోనూ వాళ్లు అక్షరాలను బొమ్మలు చేయలేదు. వేల మాటల కథనం మామూలు పేరాల్లోనే ఉంది. మంచు, కొండ, మ్యాపు అన్నీ ఆ పేరాల చుట్టూ చేరాయి. బొమ్మలన్నీ తీసేసినా చదవడానికి ఒక కథ మిగులుతుంది. ఫ్లాష్ సైట్లో బొమ్మ తీసేస్తే మిగిలేది సున్నా.

కదలికకూ కొలతలున్నాయి

2021 నుంచి గూగుల్ తన ర్యాంకుల లెక్కలో కోర్ వెబ్ వైటల్స్ అనే కొలతలనూ చూస్తోంది. పేజీలో అతి పెద్ద ముక్క రెండున్నర సెకన్లలోపు కనబడాలి. మనం తాకితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి (ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది). చదువుతుండగా పేజీ ఎగిరెగిరి పడకూడదు. ర్యాంకులో వీటి పాత్ర ఆట్టే పెద్దది కాదు. సరైన జవాబున్న పేజీ కాస్త నెమ్మదైనా పైకే వస్తుంది.

యానిమేషన్ చేసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఈ కొలతల లోపల ఉంది. ఒక బొమ్మను పైనుంచి కిందికి జరపాలంటే దాని స్థానాన్నే మార్చొచ్చు, లేదా ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతిలో జరపొచ్చు. చూసేవాళ్ల కంటికి రెండూ ఒకటే. మొదటిదాన్ని బ్రౌజర్ ‘పేజీ ఎగిరిపడింది’ అని రాసుకుంటుంది, రెండోదాన్ని పట్టించుకోదు. అలాగే పూర్తి పారదర్శకంగా మొదలై మెల్లగా తేలివచ్చే శీర్షికలు అందరికీ ఇష్టం. పూర్తిగా కనబడకుండా ఉన్నంతసేపూ ఆ శీర్షిక పెద్ద ముక్క లెక్కలోకి రాదు. ఒక్క సెకను సొగసు కోసం గడియారం ముందుకు పోతూనే ఉంటుంది.

తెలుగు అక్షరాన్ని ముక్కలు చేస్తే

శీర్షికలోని అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరి వచ్చి వరుసలో నిలబడే యానిమేషన్ ఇప్పుడు ప్రతి సైట్లోనూ ఉంది. దాని వెనక కోడ్ చేసే పని, మాటను ఒక్కో అక్షరంగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో డబ్బాలో పెట్టడం. ఇంగ్లిష్‌కు పర్లేదు. ‘స్త్రీ’ అన్న మాటను అలా కోస్తే ఏమవుతుంది? మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరూ ఆరు డబ్బాల్లోకి వెళ్లి, తవొత్తు రావొత్తు ఊడిపోయి, గుడి ఓ చుక్కల వలయం మీద వేలాడుతూ తెర మీదికి వస్తుంది. తెలుగు సైట్ల ముఖచిత్రాల్లో ‘శ్రీ’ విడిపోయి శ, ర విడివిడిగా దిగడం చూసినప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. కళ్లు లేనివాళ్ల కోసం పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా ఈ డబ్బాల దగ్గర తడబడుతుంది.

భాషల అక్షరాలకు కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణం యూనికోడ్. 2023 సెప్టెంబరులో వచ్చిన దాని 15.1 వెర్షన్‌లో ఈ ఒత్తుల గుత్తిని ఒకే అక్షరంగా లెక్కించే నియమం చేరింది. అది వర్తించే లిపుల్లో తెలుగూ ఉంది. దీన్ని అనుసరించి మాటను సరైన చోట కోసే సెగ్మెంటర్ అనే సదుపాయం ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఉంది. వాడటానికి రెండు వరుసల కోడ్ చాలు. అదీ కుదరకపోతే అక్షరాలను వదిలేసి మాటకు మాటను ఎగరేయండి, తెలుగుకు అదే అందం.

నిజానికి అక్షరం కంటికి కనబడి యంత్రానికి కనబడకపోవడమన్న బాధ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటున్నా, 2000ల్లో మన దినపత్రికల సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతోనే నడిచాయి. లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలు. వాటి మీద తెలుగు రూపాలు తొడిగేవారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లో ముత్యాల్లాంటి తెలుగు. సెర్చ్ ఇంజన్‌కు అర్థం పర్థం లేని గీతలు. ఆ సైట్లలో ఉన్న వార్తను తెలుగులో టైప్ చేసి వెతికితే దొరికేది కాదు. అమెరికాలో కూర్చుని ఊరి వార్త కోసం వెతుక్కునేవాళ్లు సైట్‌కే వెళ్లి పేజీపేజీ తిప్పాల్సి వచ్చేది. ఆ సంకేతాలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ రోజుల్లో ఎందరికో దిక్కయింది. చూపించడం వరకే దాని పని. పాత పేజీలను సెర్చ్ జాబితాల్లో చేర్చడం దాని వల్ల అయ్యేది కాదు.

కంట్రోల్, ఎఫ్

మీ సైట్ సంగతి తెలుసుకోవడానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. కంప్యూటర్లో పేజీ తెరిచి, మౌస్ కుడి బటన్ నొక్కి, పేజీ సోర్సు చూపించమనండి. గజిబిజిగా కోడ్ వస్తుంది, కంగారు పడకండి. కంట్రోల్, ఎఫ్ నొక్కి మీ ఊరి పేరో, అమ్మే వస్తువు పేరో, ఫోన్ నంబరో వెతకండి. కనబడితే సర్వర్ నుంచే వస్తోందని అర్థం. కనబడకపోతే అది జావాస్క్రిప్ట్ నడిచాక పుడుతూ ఉండొచ్చు. అప్పుడు గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో అడ్రసు ఇచ్చి పరీక్షిస్తే, జావాస్క్రిప్ట్ నడిపాక గూగుల్‌బాట్ చేతికి చిక్కిన కోడ్ మొత్తం చూపిస్తుంది. అందులో అదే మాట మళ్లీ వెతకండి. అక్కడా లేదంటే అది గూగుల్‌కు తెలియదు. (ఇందుకోసమే చాలామంది వాడిన మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్‌ను గూగుల్ 2023 డిసెంబరులో ఎత్తేసింది. పాత వీడియోలు చూసి దాని కోసం తిరగకండి.)

సోర్సులోనే మాట ఉండటం ఇప్పుడు ఇంకో కారణానికి కూడా అక్కరకొస్తోంది. ఏఐ చాట్‌బాట్‌ల తరఫున వెబ్ మీద తిరిగే ప్రోగ్రాముల్లో చాలావాటికి గూగుల్‌బాట్‌కున్న ఓపిక లేదు. అవి కోడ్ తెచ్చుకుంటాయి, జావాస్క్రిప్ట్ నడపవు. గాలిలో తేలే విల్లా, ఎగిరి వచ్చే అక్షరాలు, ఎంటర్ బటన్ వాటి దాకా చేరనే చేరవు.